అరబీ ప్రేమకవితలో గుండెను చదవడం ఎలా?

అరబీ కవితల అనువాదాలు చదివేవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "ప్రతి పద్యంలోనూ హృదయం కాలుతుంది, పగులుతుంది, ఎగిరిపోతుంది. పది చదివేసరికి అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి. మాకు ఏదో అందడం లేదా?"

అందడం లేదు. అయితే తప్పు మీది కాదు, చాలావరకు అనువాదానిది. మూలంలో ఒకచోట ఉచ్చులో పడ్డ పక్షి ఉంటుంది, మరోచోట జూదంలో పంచుకునే మాంసం, ఇంకోచోట కత్తితో కోసి తెరిచిన గది. అన్నిటి మీదా "హృదయం" అని ఒకే ముద్ర కొట్టేస్తే మిగిలేది శుభాకాంక్షల కార్డు. ఆ ముద్ర తీసి కింద ఏముందో చూసే పద్ధతిని అంచెలవారీగా చెబుతాను. అరబీ రాకపోయినా పనికొస్తుంది.

కావలసినవి

ఒక్క బైత్ చాలు. బైత్ అంటే రెండు సగాలున్న ఒక పద్యపాదం. మొదటి సగానికి వాళ్లు పెట్టుకున్న పేరు "సద్ర్", అంటే రొమ్ము. గుండె గురించి చదవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. మొత్తం కవిత మీద ఒకేసారి పడకండి.

ఆ బైత్ ఉచ్చారణ తెలుగు లిపిలోనో రోమన్ లిపిలోనో రాసుకోండి. ధాతువుల వరుసలో ఉండే పాత అరబీ నిఘంటువు కావాలి. ఇంగ్లీషు వచ్చినవారికి 19వ శతాబ్దపు లేన్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నేటి పత్రికల అరబీ కోసం తయారైన చిన్న నిఘంటువులు ఈ పనికి చాలవు. ఒక పెన్సిలు, తెల్ల కాగితం కూడా దగ్గర పెట్టుకోండి. నవ్వకండి, బొమ్మ గీయాలి.

అరబీ అసలే రాకపోతే ఒకే బైత్‌కు ఇద్దరు వేర్వేరు వ్యక్తులు చేసిన అనువాదాలు సంపాదించండి. రెండూ ఎక్కడ విడిపోతున్నాయో అక్కడే మీరు తవ్వాల్సిన చోటు ఉంటుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్నవారికి ఒక సౌలభ్యం: 1888లో మొదలై పాత అరబీ గ్రంథాలను పరిష్కరించి అచ్చువేస్తున్న దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉంది. ఊళ్లో అరబీ చదువుకున్న స్నేహితుడు ఎవరైనా ఉంటే బైత్‌ను గట్టిగా చదివి వినిపించమనండి.

1. ముందు "దిల్"ను పక్కన పెట్టండి

మనలో చాలామంది ఈ వైపు వచ్చేది ఉర్దూ గజళ్ల దారిలో. అక్కడి సామానంతా వెంట తెచ్చుకుంటాం: దీపం చుట్టూ శలభం, గులాబీ కోసం బుల్‌బుల్, దిల్. ఆ సరంజామా చాలావరకు పారశీకం వైపు నుంచి వచ్చింది. "దిల్" పారశీక పదం. అరబీలో "గజల్" అంటే ఛందోరూపం కాదు, ప్రేమ విషయంగా చెప్పిన కవిత్వం, అంతే. ఉర్దూ గజల్‌లో పద్యాల చివర తిరిగి తిరిగి వచ్చే మాట, రదీఫ్, కోసం ఇక్కడ వెతికి, దొరకలేదని నిరాశపడకండి.

హెచ్చరిక: గుండెకు మాట "ఖల్బ్". మొదటి అక్షరం గొంతు లోతు నుంచి రావాలి. పైపైన "కల్బ్" అన్నారంటే కుక్క అవుతుంది. ప్రేమకవిత చదివి వినిపించేటప్పుడు ఈ తేడా పట్టించుకోవడం మంచిది.

2. ఏ అవయవమో తేల్చుకోండి

అనువాదంలో "హృదయం" అని ఉన్న చోట మూలంలో ఏ మాట ఉందో చూడండి. తరచూ తగిలేవి ఇవి.

"ఖల్బ్" ధాతువుకు తిప్పడం, బోర్లించడం అని అర్థం. ఊరేగింపుల్లో విన్న "ఇంక్విలాబ్" ఈ ధాతువు బిడ్డే: తలకిందులు కావడం. నిలకడ లేకుండా తిరుగుతుంది కాబట్టే దానికి ఖల్బ్ అని పేరు వచ్చిందని అరబ్బులు పద్యంగా కూడా చెప్పుకున్నారు.

"ఫుఆద్" వేరు. దాని ధాతువు మాంసాన్ని నిప్పుల మీద కాల్చడం దగ్గర ఉంటుంది. కాల్చే ఇనుప చువ్వకూ అదే ధాతువు నుంచి పేరు వచ్చింది. రగులుతున్న గుండె ఇది.

"లుబ్బ్" గింజలోని పప్పు. అది పోయిందంటే పోయింది తెలివి. "సువైదా" గుండె నడిమధ్య ఉంటుందని వాళ్లు ఊహించిన చిన్న నల్లచుక్క. "షఘాఫ్" గుండెను కప్పిన పొర. ప్రేమ ఆ పొరదాకా దిగబడిందని చెప్పే క్రియ ఖురాన్‌లో యూసుఫ్ కథలో ఉంది: యజమాని భార్య గురించి ఊరి ఆడవాళ్లు చెప్పుకునే మాట అది. మజ్నూన్ పేరు మీద ఉన్న ప్రసిద్ధ పద్యంలోనూ అదే క్రియ. లైలా ఉన్న ఇళ్ల మీదుగా వెళ్తూ ఈ గోడనూ ఆ గోడనూ ముద్దుపెట్టుకుంటాడు. నా గుండెపొరలో దిగినది ఈ ఇళ్ల మీద ప్రేమ కాదు, ఇక్కడ ఉన్నవాళ్ల మీద ప్రేమ అంటాడు.

ఇక "కబిద్". ఇది కాలేయం. అనువాదకులు సిగ్గుపడి దీన్ని గుండెగా మార్చేస్తారు. మార్చవద్దు. పిల్లలు పోతే "కడుపుకోత" అంటాం, బంధాన్ని "పేగు"తో చెబుతాం, ధైర్యానికి హైదరాబాదు మాటలో "కలేజా" ఉండాలంటాం. లోపలి అవయవాలతో మాట్లాడే భాష మనది కూడా. కాలేయం అనగానే మనకెందుకు ఆసుపత్రి గుర్తుకురావాలి?

హెచ్చరిక: ధాతువు దొరికింది కదా అని ప్రతిచోటా దాన్ని రుద్దకండి. ఖల్బ్, ఫుఆద్‌ల నడక వేరు. చాలాసార్లు కవి ఛందస్సుకు సరిపోయినదాన్ని వేసుకుంటాడు. అదే బైత్‌లో నిప్పో, కాలడమో, సెగో ఉండి ఫుఆద్ కూడా ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకోండి. లేకపోతే వదిలేయండి.

3. గుండెకు ఏం జరుగుతోంది? క్రియను పట్టుకోండి

అసలు పని ఇక్కడే. "ఈ గుండె దేనికి ప్రతీక?" అని మొదలుపెడితే దారి తప్పినట్టే. "దీన్ని ఏం చేస్తున్నారు?" అని అడగండి. మజ్నూన్‌దిగా చెప్పుకునే రెండు బైత్‌లు తీసుకుందాం. వేరే కవుల పేరు మీద కూడా ఇవి తిరుగుతాయి. మన పనికి అది అడ్డం కాదు.

"కఅన్నల్ ఖల్బ లైలత ఖీల యుఘ్దా / బి లైలల్ ఆమిరియ్యతి అవ్ యురాహూ
ఖతాతున్ అజ్జహా షరకున్ ఫ బాతత్ / తుజాజిబుహూ వ ఖద్ అలిఖల్ జనాహూ"

తెలుగులో ఇంచుమించు ఇలా: "ఆమిర్ తెగ లైలాను పొద్దున తీసుకెళ్తారో సాయంత్రం తీసుకెళ్తారో అని చెప్పుకున్న ఆ రాత్రి, ఈ గుండె ఉచ్చు చేతిలో ఓడిన ఖతా పిట్ట. రెక్క చిక్కుకుని రాత్రంతా ఉచ్చుతో గుంజులాడింది."

ఖతా పావురమంత ఉండే ఎడారి పక్షి. నీటి కోసం చాలా దూరం ఎగిరి వెళ్తుంది. ఇప్పుడు కాగితం తీసుకుని బొమ్మ గీయండి. గీస్తున్నప్పుడు ఏం కనిపించాలో చెబుతాను.

లైలా ఇంకా వెళ్లలేదు. "ఖీల" అంటే "అన్నారు". వచ్చింది వార్త మాత్రమే. గుండె చిక్కుకున్నది విరహంలో కాదు, రేపటి కబురులో.

పిట్ట చచ్చిపోలేదు. చిక్కినది ఒక్క రెక్క. "తుజాజిబు" అన్న క్రియారూపం ఇద్దరి మధ్య జరిగే పని: ఇది ఉచ్చును లాగుతోంది, ఉచ్చు దీన్ని లాగుతోంది. "బాతత్" అంటే రాత్రి గడిపింది. కాబట్టి బొమ్మలో చీకటి ఉండాలి.

ఇప్పుడు చూసుకోండి, లైలాను ఎక్కడ గీశారు? చాలామంది ఆమెను వేటగత్తెను చేసి ఉచ్చు పక్కన నిలబెడతారు. పద్యం ఉచ్చు ఎవరిదో చెప్పనే లేదు. ఈ బొమ్మలో లైలా లేదు. తర్వాతి బైత్‌లో వచ్చేవి గూట్లో వదిలేసిన రెండు పిల్లలు, ఆ గూటిని కొడుతున్న గాలులు. అంటే ఈ గుండె లాగుతున్నది తనకోసమే కాదు, దానికి చేరాల్సిన చోటు ఉంది.

"నా హృదయం వేదనతో విలవిలలాడింది" అన్న అనువాదంలో వీటిలో ఒక్కటైనా మిగిలిందా? మన భాషలో దీనికి సరిపోయిన మాట సిద్ధంగా ఉంది: కొట్టుకోవడం. గుండె కొట్టుకుంటుంది, ఉచ్చులో పిట్ట కొట్టుకుంటుంది. ఒకే క్రియ. ఇంత దగ్గరి మాట చేతిలో ఉండగా వేదన దాకా ఎందుకు పోవాలి?

ఇదే పిట్టను ఉర్వా ఇబ్న్ హిజామ్ ఇంకోలా వాడాడు. అఫ్రా అనే ఆమె మీద ప్రేమతో చిక్కిపోయి, యమామా, నజ్ద్ ప్రాంతాల సోదెగాళ్లను, నయం చేస్తే అడిగినంత ఇస్తానని బతిమాలుకున్నవాడు ఇతడు. ఆ కవితలోనే, ఎంత గట్టిగా అదురుతోందంటే నా కాలేయం మీద ఖతాను రెక్క పట్టి వేలాడదీసినట్టుంది అంటాడు. పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో గుండే పిట్ట. రెండోదానిలో పిట్ట కాలేయం కాదు. కాలేయానికి వేలాడుతూ కొట్టుకుంటున్న బరువు. "పక్షిలా కొట్టుకునే హృదయం" అని రెండిటినీ ఒకే మాటతో తేల్చేస్తే ఇద్దరు కవులను ఒకడిని చేసినట్టే.

4. ఎవరు చేశారు? దేనితో?

ఇక్కడ నేను పడ్డ గొయ్యి ఒకటి చెప్పుకోవాలి. 6వ శతాబ్దపు కవి ఇమ్రుల్ ఖైస్ "ముఅల్లఖా" అనే పేరున్న దీర్ఘకవితలో ప్రసిద్ధమైన బైత్ ఉంది: నీ రెండు బాణాలతో నలిగిన నా గుండె "అషార్"ను కొట్టడానికే నీ కళ్లు నీరు కార్చాయి అని. "ఉష్ర్" అంటే పదోవంతు అని నాకు తెలుసు. ధీమాగా "గుండెలోని పదోవంతులను" అని రాసి, ఇదేదో కవి వింత అనుకుని ముందుకు పోయాను. చాలాకాలం తర్వాత పాత వ్యాఖ్యానం చూస్తే గానీ తెలియలేదు.

అది జూదం లెక్క. ఇస్లాంకు ముందు అరబ్బులు ఆడిన మైసిర్‌లో ఒంటెను కోసి పది వాటాలు వేసేవారు. బాణపు పుల్లలు తీసి పంచుకునేవారు. "ముఅల్లా" అనే పుల్లకు ఏడు వాటాలు, "రఖీబ్" అనే పుల్లకు మూడు. రెండు కళ్లు, రెండు పుల్లలు. ఏడూ మూడూ కలిపితే పది. గుండె మొత్తం ఆమెదే. మరో వివరణ కూడా అక్కడే ఉంది: ముక్కలు ముక్కలైన వంటకుండకు కూడా "అషార్" అనే అంటారు, కాబట్టి ఇది పగిలిన గుండె. రెండిట్లో ఏది సరైనదని నన్ను అడుగుతుంటారు. ఒకటి ఎంచుకోకండి. బాణం తగిలి పగలడమూ, పుల్ల పడి గెలవడమూ ఒకే మాటలో ఇరికించడమే ఆ పద్యం పనితనం. తెలుగులో "పందెం కొట్టడం" అని ఉంది కదా. "కొట్టడం" ఇక్కడ కూడా రెండు పనులూ చేస్తుంది.

ఇంకో విషయం గమనించండి. ఆమె చూపుతో కాదు, ఏడుపుతో కొట్టింది. "కంటిచూపు బాణాలు" అని రాస్తే ఆ తడి పోతుంది.

గుండెకు దారి కన్ను ఒక్కటే అనుకోవద్దు. 8వ శతాబ్దపు బష్షార్ ఇబ్న్ బుర్ద్ పుట్టుకతో అంధుడు. ఒక్కోసారి కన్ను కంటే ముందు చెవే ప్రేమిస్తుందన్నాడు. చూడనిదాని గురించి ఏమిటీ కలవరింత అని నలుగురూ అంటే, చెవి కూడా కన్నులాగే ఉన్నదాన్ని గుండెకు అప్పజెబుతుందని జవాబిచ్చాడు. ఇక్కడ గుండె దెబ్బతిన్నది కాదు, సరుకు దించుకునే చోటు.

కొన్నిసార్లు బయట ఎవరూ ఉండరు. హారూన్ అల్ రషీద్ కాలపు బాగ్దాదు కవి అబ్బాస్ ఇబ్న్ అల్ అహ్నఫ్ అడుగుతాడు: శత్రువు నా పక్కటెముకల మధ్యే ఉంటే నన్ను నేను ఎలా కాచుకోను? ఇలాంటి పద్యంలో ప్రేయసి కోసం వెతకడం వృథా. తగాదా కవికీ అతని గుండెకీ మధ్య.

5. వేడి, తడి చూసుకోండి

"నీ కడుపు చల్లగా" అని దీవించే మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. లోపల చల్లన మంచిది, మంట చెడ్డది. దానికి తోడు కన్నీరు ఎటు ఉందో చూడండి. 11వ శతాబ్దపు స్పెయిన్‌లోని కోర్డోబాలో కవి ఇబ్న్ జైదూన్, తనకు దూరమైన వల్లాదాకు రాసిన కవితలో, మీరు వెళ్లారు, మేమూ వెళ్లాం. మా పక్కటెముకలు తడవలేదు, మా కంటికొనలు ఆరలేదు అంటాడు. ఏడ్చిన నీళ్లన్నీ బయటికే పోయాయి, లోపలి ఎండకు చుక్క దక్కలేదు. గుండె అన్న మాటే లేదు, పక్కటెముకలు మాత్రమే ఉన్నాయి. అయినా ఇది గుండె పద్యమే. మాట కోసం వెతికేవారు ఇలాంటివి దాటిపోతారు.

6. ఎవరితో చెబుతున్నాడు?

ముతనబ్బీ కవిత ఒకటి "అయ్యో, మండుతున్న నా గుండె! ఎవరి గుండె చల్లగా ఉందో అతని వల్ల" అని మొదలవుతుంది. అంతవరకే చదివితే ప్రేమ పద్యం. అతడు మాట్లాడుతున్నది అలెప్పో పాలకుడు సైఫుద్దౌలాతో. పట్టించుకోవడం మానేసిన ప్రభువు మీద నిష్ఠూరం అది. ఇక్కడ చల్లదనం మంచిది కాదన్నది కూడా చూడండి, అయిదో అంచెలో చెప్పినదాన్ని గుడ్డిగా వాడవద్దు.

ఇబ్న్ అరబీ (1165–1240) తన గుండె ఏ రూపాన్నైనా పట్టగలదన్నాడు: జింకలకు పచ్చిక, సన్యాసులకు మఠం, విగ్రహాలకు ఇల్లు, ప్రదక్షిణ చేసేవాడికి కాబా, తోరా పలకలు, ఖురాన్ ప్రతి. దీన్ని పోస్టర్ల మీద సర్వమత సమానత్వ నినాదంగా చూస్తుంటాం. అది పూర్తిగా తప్పనను గానీ, ముందు ఆ జాబితా మొదట్లో జింకలున్నాయని గుర్తించండి. అరబీ ప్రేమకవితలో జింక అంటే ప్రేయసి. ఈ గుండె మొదట మేతబీడు, ఆ తర్వాతే గుడి. ఇవి ఉత్త ప్రేమ పద్యాలేనని కొందరు తప్పుపడితే, ఆయనే ఆధ్యాత్మిక వ్యాఖ్యానం రాసుకున్నాడు. మీరు రెండూ చదవండి, కానీ పద్యాన్ని ముందు.

చిన్న హెచ్చరిక: చాలా పద్యాల్లో ప్రేయసిని పుంలింగంలో పిలుస్తారు. అది సంప్రదాయం కావచ్చు, నిజంగా పురుషుడే కావచ్చు. ఆ ఒక్క బైత్ చూసి తీర్పు చెప్పకండి.

7. తెలుగు మాట ఎంచుకోండి

నా నియమం కొంచెం మొండిది: మొదటి ప్రతిలో "హృదయం" వాడకూడదు. గుండె, ఎద, డెందం, మనసు, కడుపు, పేగు, రొమ్ము ఉన్నాయి. కొట్టుకునేది, కాలేది, కోసేది అయితే గుండె. మాట వినకుండా తిరిగేది అయితే మనసు సరిపోవచ్చు. అన్నీ ప్రయత్నించాక కూడా హృదయమే కుదిరితే వేసుకోండి, అభ్యంతరం లేదు.

ఇంకో తొందరపాటు కూడా ఉంది, అది మనకే ప్రత్యేకం. ఆండలూసియా (అరబ్బుల నాటి స్పెయిన్) పండితుడు ఇబ్న్ హజ్మ్ (994–1064), ఈ గుండెను కత్తితో చీల్చి, నిన్ను లోపల పెట్టి, మళ్లీ రొమ్ములో మూసేస్తే బాగుండునన్నాడు. నేను బతికినంతకాలం అందులో ఉంటావు, నేను పోతే సమాధి చీకట్లో గుండెపొరలో ఉంటావు అని. వెంటనే మన కళ్లముందు ఎవరు నిలబడతారో తెలుసు: రొమ్ము చీల్చి సీతారాములను చూపించే హనుమంతుడు. పోలిక అందంగానే ఉంది, కానీ చేతులు ఎటు కదులుతున్నాయో చూడండి. హనుమంతుడు తెరిచింది ఇప్పటికే లోపల ఉన్నవారిని నలుగురికీ చూపడానికి. ఇబ్న్ హజ్మ్ తెరవాలనుకున్నది ఇంకా బయట ఉన్న మనిషిని లోపల పెట్టి ఎవరికీ కనబడకుండా మూసేయడానికి. ఒకటి సాక్ష్యం, ఇంకొకటి తాళం.

సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసుకోవడం

మీ తెలుగు వాక్యం మాత్రమే స్నేహితుడికి ఇచ్చి బొమ్మ గీయమనండి. అతని బొమ్మ మీ బొమ్మకు దగ్గరగా ఉంటే పని అయినట్టే. అతడు పేకముక్కల మీది ఎర్రటి ఆఠీను గుర్తు గీశాడంటే మళ్లీ మూడో అంచెకు వెళ్లండి.

తర్వాత మీ వాక్యంలో గుండె బదులు "నేను" పెట్టి చదవండి. ఏమీ మారకపోతే గుండె అక్కడ అలంకారంగా పడి ఉందన్నమాట. మూలంలో నిజంగా అంతే ఉందా, లేక మీరు జారవిడిచారా అని చూసుకోండి. పేలవమైన పద్యాలు అరబీలోనూ బోలెడు ఉన్నాయి, ప్రతిసారీ తప్పు మీదే కానక్కర్లేదు.

చివరగా ఆ గుండె అసలు ప్రేమదేనా అని చూడండి. ఇదే ఇమ్రుల్ ఖైస్ ఇంకో పద్యంలో వేటపక్షి గూటి దగ్గర పడి ఉన్న పిట్టల గుండెల గురించి చెబుతాడు: పచ్చివి రేగుపళ్లలా, ఎండినవి పనికిరాని ఖర్జూరాల్లా ఉన్నాయని. అవి తినగా మిగిలిన గుండెలు. వాటికి విరహం అంటగట్టిన వ్యాసం ఒకటి నేను చదివాను.

మీ వంతు

9వ శతాబ్దపు అబూ తమ్మామ్ రెండు బైత్‌లతో మొదలుపెట్టండి: "నఖ్ఖిల్ ఫుఆదక హైసు షీత మినల్ హవా / మల్ హుబ్బు ఇల్లా లిల్ హబీబిల్ అవ్వలీ". తర్వాతిదాని సారం: మనిషి భూమ్మీద ఎన్ని "మన్జిల్"లకు అలవాటు పడినా బెంగ ఎప్పుడూ మొదటి మన్జిల్ మీదే.

మాట ఫుఆద్, కానీ ఎక్కడా నిప్పు లేదు. రెండో అంచెలోని హెచ్చరిక గుర్తుంచుకోండి. క్రియ "నఖ్ఖిల్": ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చు, సామాను మార్చినట్టు. అందరూ జారేది "మన్జిల్" దగ్గర. దాన్ని "ఇల్లు" అని రాసేస్తారు. ధాతువు చూస్తే ఒంటె దిగే చోటు, బస. ఆ పదమే మన దగ్గరికి వచ్చి "మజిలీ" అయింది. "నఖ్ఖిల్"కు "మకాం మార్చు" అనవచ్చు. ఆ మకాం కూడా అరబీ నుంచి వచ్చిందే. మొదటి ప్రతి ఇలా పెట్టుకుని, నచ్చకపోతే దిద్దుకోండి: "నీ గుండె మకాం ఎన్ని ప్రేమలకైనా మార్చు, వలపు మాత్రం తొలి చెలికే. ఎన్ని మజిలీలు అలవాటైనా, బెంగ మొదటి మజిలీ మీదే."